మాట వెనుక కథ: సిలబస్

"సార్, ఇది సిలబస్‌లో ఉందా?" అని అడుగుతాం కానీ, ఆ మాట పుట్టిందే ఓ అచ్చుతప్పులోంచి. గ్రంథపు చుట్టలకు తగిలించే పేరు చీటీలను రోమన్ రచయిత సిసెరో తన ఉత్తరాల్లో 'సిట్టిబాస్' అన్నాడు. 15వ శతాబ్దపు ముద్రణల్లో అది చెడి 'సిలబస్' అయింది. మన 'పాఠ్యప్రణాళిక' నయం. సంస్కృతంలో ప్రణాళిక అంటే నీటికాలువ. ధవళేశ్వరం కాలువల కింద బతికే డెల్టా వాళ్లకి విడమరచి చెప్పాలా? యానాం ఎస్.ఆర్.కె. ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలకు ఆ పాఠాల కాలువ పాండిచ్చేరి విశ్వవిద్యాలయం నుంచి వస్తుంది.

ఇంటర్ దాటి వచ్చిన పిల్లల చేతిలో ఆ సిలబస్ కాగితం పెట్టి ఊరుకుంటే చాలదు. మొదటి క్లాసులోనే యూనిట్లు, ఇంటర్నల్ మార్కులు, హాజరు నిబంధన వాళ్లచేతే చదివించి, అర్థంకాని చోట ప్రశ్న రాయించాలి. జవాబు లెక్చరర్ కన్నా పక్కబెంచీ వాళ్లు చెబితే ఇంకా మంచిది.