సిద్దిపేట దళిత విద్యార్థులకు ఏ తలుపులు తెరిచి ఉన్నాయి? డిగ్రీ నుంచి పీహెచ్‌డీ దాకా

ప్రతి ఏడాదీ మాకు ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: ‘అన్నా, దీనికి ఇంకా టైముందా?’ అప్పటికే చివరి తేదీ దాటిపోయి ఉంటుంది. అడిగినవారికి మార్కులుంటాయి, అర్హత ఉంటుంది, కుల ధ్రువీకరణ పత్రం కూడా ఉంటుంది. లేనిదల్లా ఆ కబురు సమయానికి చెప్పే మనిషి. హైదరాబాద్‌లోని పెద్ద కాలేజీల్లో ఆ పని సీనియర్లు చేస్తారు, చదువుకున్న ఇళ్లలో మేనమామలో బాబాయిలో చేస్తారు. మన వాడల్లో తొలి తరం డిగ్రీ చదివే పిల్లలకు ఆ మనిషి దొరకడు. పీహెచ్‌డీ చేస్తున్న మేమూ ఆ దారినే, తడుముకుంటూ వచ్చాం. అందుకే మాకు తెలిసినదంతా ఒకచోట రాసిపెడుతున్నాం.

సిద్దిపేట 2016 అక్టోబర్ 11న జిల్లా అయింది. పట్టణంలో ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఉంది, ఉస్మానియా పీజీ కళాశాల ఉంది. జిల్లాలోని ములుగులో కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయం, అటవీ కళాశాల ఉన్నాయి. 2023 అక్టోబర్ నుంచి సికింద్రాబాద్‌కు రైలు కూడా నడుస్తోంది. అంటే చదువు మన గడప దాకా వచ్చింది. ఆ చదువుతో పాటు రావలసిన సమాచారం మాత్రం రాలేదు.

ఇది దయ కాదు

స్కాలర్‌షిప్‌కు అప్లై చేయడానికి సిగ్గుపడే పిల్లలను చూశాం. ‘మీకేం, ఫ్రీగా వస్తయి’ అన్న మాట తరగతి గదిలో విన్నవాళ్లే వాళ్లంతా. వాళ్లకు చెప్పాల్సింది చరిత్ర. 1913లో అంబేడ్కర్ కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లింది బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తోనే. నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేళ్లు వచ్చింది. ఆయన వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో ఉన్న కాలంలోనే, 1944లో, ఎస్సీలకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది. విదేశీ విద్యకు జాతీయ స్కాలర్‌షిప్ 1954-55లో వచ్చింది. అడిగి, పోరాడి సాధించుకున్న హక్కులివి. వాడుకోకపోతే మిగిలేది మనకు కాదు.

డిగ్రీలో ఉన్నవారికి

మొదటిది పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్. తెలంగాణలో దీన్ని ఈపాస్ పోర్టల్ ద్వారా నడుపుతారు. ఇందులో రెండు భాగాలుంటాయి. కాలేజీ ఫీజు కోసం వచ్చే రీయింబర్స్‌మెంట్ ఒకటి, విద్యార్థి ఖర్చుల కోసం వచ్చేది మరొకటి. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం తల్లిదండ్రుల ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షలు దాటకూడదు. ఈపాస్‌లో ఆ ఏటి ప్రకటనలో రాసిన పరిమితిని కూడా చూసుకోవాలి. బీఏ, బీకాం, బీఎస్సీ చదివేవారికి కేంద్ర లెక్కలో ఏడాదికి హాస్టల్‌లో ఉంటే 6,000, ఇంటి నుంచి వెళ్తే 3,000 రూపాయల భత్యం ఉంది. ఇంజినీరింగ్, వైద్యం లాంటి కోర్సుల్లో ఇది 13,500, 7,000. కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం. కేంద్రం వాటా నేరుగా విద్యార్థి ఖాతాలోనే పడుతుంది. హాజరు 75 శాతం తగ్గకూడదు.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఈ పథకం మార్గదర్శకాల్లోనే ‘ఫ్రీషిప్ కార్డు’ అనే ఏర్పాటు ఉంది. అర్హత ఉన్న ఎస్సీ విద్యార్థి ముందుగా ఫీజు కట్టకుండానే చేరవచ్చన్నది దాని ఉద్దేశం. కాలేజీ కౌంటర్ దగ్గర ‘ముందు కట్టండి, తర్వాత వాపస్ వస్తది’ అంటే ఈ మాట గుర్తుచేయాలి.

అమ్మాయిలకు అజీమ్ ప్రేమ్‌జీ స్కాలర్‌షిప్ ఉంది. పదో తరగతి, ఇంటర్ ప్రభుత్వ విద్యాసంస్థల్లో చదివి డిగ్రీ లేదా డిప్లొమా మొదటి సంవత్సరంలో చేరినవారికి ఏడాదికి 30,000 రూపాయల చొప్పున కోర్సు పూర్తయ్యేదాకా ఇస్తారు. తెలంగాణ ఆ జాబితాలో ఉంది. సర్కారు బడిలో చదివామని తలదించుకునే చోట, ఇక్కడ సర్కారు బడే అర్హత.

ఇంటర్‌లో బోర్డు పరిధిలో మొదటి ఒక శాతంలో నిలిచి మౌలిక విజ్ఞాన శాస్త్రాల్లో డిగ్రీ చేసేవారికి కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ ‘ఇన్‌స్పైర్’ ఉంది. ఏడాదికి 80,000. అందులో 20,000 వేసవిలో పరిశోధనా ప్రాజెక్టు చేసినందుకు. ఐఐటీ, ఎన్‌ఐటీ లాంటి సంస్థల్లో సీటు వచ్చినవారికి ఎస్సీ టాప్ క్లాస్ పథకం ఉంది. దీనికి కుటుంబ ఆదాయ పరిమితి 8 లక్షలు. ఫీజుతో పాటు మొదటి ఏడాది 86,000, తర్వాత ఏటా 41,000 ఇస్తారు.

వేసవి సెలవులు ఎందుకు ముఖ్యం

మన పిల్లలు వేసవిలో పత్తి గింజల కంపెనీకో, ఫంక్షన్ హాలు పనికో, ఉపాధి హామీకో వెళ్తారు. ఇంటికి ఆ డబ్బు అవసరం. అదే రెండు నెలల్లో ఇంకొందరు విద్యార్థులు ప్రయోగశాలల్లో ఉంటారు, నెల నెలా భృతి తీసుకుంటూ. అది తెలియకపోవడమే మనకు జరిగే నష్టం.

దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఏటా వేసవి పరిశోధనా ఫెలోషిప్ ఇస్తాయి. డిగ్రీ, పీజీ సైన్స్ విద్యార్థులు దేశంలోని శాస్త్రవేత్తల దగ్గర రెండు నెలలు పనిచేయవచ్చు. భృతి, రైలు ఖర్చులు ఇస్తారు. గమనించాల్సింది, వేసవి పనికి దరఖాస్తు అంతకుముందు చలికాలానికే ముగుస్తుంది. ఏప్రిల్‌లో వెతికితే దొరకదు. పొరుగునే సంగారెడ్డి జిల్లా కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాద్ కూడా ‘ష్యూర్’ పేరుతో వేసవి పరిశోధనా శిక్షణ నడుపుతోంది. ఒకప్పుడు మనదీ, కందిదీ ఒకే మెదక్ జిల్లా.

ఈ రెండు నెలల వల్ల వచ్చే అసలు లాభం డబ్బు కాదు, సిఫార్సు లేఖ. విదేశీ విశ్వవిద్యాలయమైనా, మంచి పీజీ అయినా ‘ఈ విద్యార్థి నాకు తెలుసు’ అని రాసే అధ్యాపకుణ్ని అడుగుతుంది. పెద్ద క్లాసులో వెనక బెంచీలో కూర్చున్న దళిత విద్యార్థి పేరు చాలామంది అధ్యాపకులకు తెలియదు. రెండు నెలలు పక్కన నిలబడి పనిచేస్తే తెలుస్తుంది.

పీజీ, పీహెచ్‌డీ

పరిశోధనలో మనకున్న పెద్ద ఆధారం ఎస్సీ జాతీయ ఫెలోషిప్. 2005-06లో రాజీవ్ గాంధీ ఫెలోషిప్ పేరుతో మొదలైంది. ఏటా 2,000 స్థానాలు. మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000, దానిపై ఇంటి అద్దె. ఎంపిక నెట్ పరీక్ష ద్వారా. మామూలు జేఆర్‌ఎఫ్ అందనివారికి ఇది అందవచ్చు. నెట్ దరఖాస్తులోనే ఈ ఫెలోషిప్ కావాలని గుర్తుపెట్టాలి. ఆ ఒక్క గడి నింపకుండా వదిలేసిన మిత్రులు మాకు తెలుసు. నెట్ ప్రశ్నపత్రం భాషా సబ్జెక్టులకు తప్ప ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది. తెలుగు మీడియం విద్యార్థికి ఇదొక అడ్డుగోడ. కాబట్టి పీజీ మొదటి ఏడాది నుంచే పాత ప్రశ్నపత్రాలు చదవడం మొదలుపెట్టాలి.

సామాజిక శాస్త్రాల్లో పీహెచ్‌డీ చేస్తూ వేరే ఫెలోషిప్ లేనివారికి ఐసీఎస్‌ఎస్‌ఆర్ డాక్టోరల్ ఫెలోషిప్ ఉంది, నెలకు 20,000. ఆ సంస్థ దక్షిణ ప్రాంతీయ కేంద్రం ఉస్మానియా ఆవరణలోనే ఉంది.

ఫెలోషిప్ రావడం ఎంత ముఖ్యమో, నెల నెలా రావడం అంత ముఖ్యం. 2016 జనవరి 17న ప్రాణం తీసుకున్న రోహిత్ వేముల తన చివరి ఉత్తరంలో తనకు ఏడు నెలల ఫెలోషిప్, లక్షా డెబ్బై ఐదు వేలు రావలసి ఉందని రాశాడు. ఆ లెక్కను మేం మరచిపోము. మనలో చాలామంది ఆ డబ్బులోంచే ఇంటికి పంపుతారు. ఆగిపోయిన నెల నుంచే లిఖితపూర్వకంగా అడగాలి. ఒక్కరుగా కాదు, కలిసి.

విదేశీ చదువు: రెండు పథకాలు, రెండు పద్ధతులు

కేంద్రానిది జాతీయ విదేశీ స్కాలర్‌షిప్. ఏటా 125 స్థానాలు, అందులో 115 ఎస్సీలకు, మిగిలినవి సంచార, విముక్త జాతులకు, భూమిలేని వ్యవసాయ కూలీలకు, సంప్రదాయ చేతివృత్తులవారికి. 30 శాతం మహిళలకు. వయసు 35 లోపు, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు, అర్హత పరీక్షలో 60 శాతం మార్కులు. ప్రపంచ ర్యాంకుల్లో మొదటి 500లో ఉన్న విశ్వవిద్యాలయంలో పీజీ లేదా పీహెచ్‌డీ ప్రవేశం కావాలి. ఫీజు, విమాన ఖర్చు, అమెరికాలో ఏడాదికి 15,400 డాలర్లు, బ్రిటన్‌లో 9,900 పౌండ్ల జీవన భత్యం ఇస్తారు. మొత్తం బాధ్యత ప్రభుత్వానిదే కాబట్టి పేద కుటుంబానికి ఇదే మేలు. అయితే 2022లో మార్చిన నిబంధనల ప్రకారం భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారత సమాజ అధ్యయనాలకు ఇది వర్తించదు. కులం గురించి పరిశోధించాలనుకునే దళిత విద్యార్థికే దారి మూసిన నిబంధన ఇది. దాన్ని వెనక్కి తీసుకోవాలన్న డిమాండ్‌ను వదలకూడదు.

రాష్ట్రానిది అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి. మొత్తం 20 లక్షలు, రెండు విడతల్లో, ఒకవైపు విమాన టికెట్ అదనం. ఆదాయ పరిమితి 5 లక్షలు, వయసు 35. డిగ్రీలో 60 శాతం మార్కులు, జీఆర్‌ఈ లేదా జీమ్యాట్, దానితో పాటు టోఫెల్ లేదా ఐఈఎల్‌టీఎస్ స్కోరు కావాలి. ఒక కుటుంబంలో ఒక్కరికే. ఇక్కడ జాగ్రత్త: డబ్బు విడతలుగా, వెళ్లిన తర్వాత వస్తుంది. వెళ్లడానికి ముందు కట్టాల్సిన ఫీజు కోసం అప్పు చేయాల్సి వస్తే ఆ వడ్డీ లెక్క ముందే వేసుకోవాలి. కన్సల్టెన్సీ మాట విని పేరు తెలియని విశ్వవిద్యాలయంలో చేరి, అప్పుతో తిరిగొచ్చిన కుటుంబాలు మన మండలాల్లోనే ఉన్నాయి.

ఇవి కాక యూరప్‌లో ఎరాస్మస్ ముండస్ ఉమ్మడి పీజీ కోర్సులున్నాయి. ఎంపికైతే ఫీజు లేదు, నెలకు 1,400 యూరోలు ఇస్తారు. బ్రిటన్ చెవనింగ్‌కు రెండేళ్ల పని అనుభవం కావాలి. ఈ రెండింటికీ కులం, ఆదాయం అడగరు. కానీ నువ్వెవరు, ఎక్కడి నుంచి వచ్చావు, ఏం చేయదలచుకున్నావు అని అడుగుతారు. దానికి మన దగ్గర జవాబుంది. దాచకుండా రాయాలి.

ఉద్యోగం, సివిల్స్

హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని ఎస్సీ స్టడీ సర్కిల్ ప్రవేశ పరీక్ష పెట్టి సివిల్స్‌కు ఉచిత వసతితో శిక్షణ ఇస్తుంది. 2022 ఏప్రిల్‌లో కేంద్రం 31 కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో అంబేడ్కర్ సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్‌లను ప్రారంభించింది. ఒక్కోచోట 100 సీట్లు. సివిల్స్ ప్రిలిమ్స్ పాసైన తెలంగాణ అభ్యర్థులకు 2024 నుంచి రాజీవ్ గాంధీ సివిల్స్ అభయహస్తం కింద లక్ష రూపాయలు అందుతున్నాయి. ఆదాయ పరిమితి 8 లక్షలు.

డిగ్రీ అయి ఖాళీగా ఉన్న 21 నుంచి 24 ఏళ్లవారికి 2024 అక్టోబర్‌లో వచ్చిన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ ఉంది. పన్నెండు నెలలు, నెలకు 5,000, మొదట్లో ఒకసారి 6,000. రెగ్యులర్‌గా చదువుతున్నవారికి వర్తించదు. 5,000తో నగరంలో గది అద్దె కూడా రాదు. ఊరికి దగ్గరి కంపెనీ దొరికితేనే ఇది పనికొస్తుంది.

కాగితాలు ముందు, కలలు తర్వాత

మేం చూసిన తిరస్కరణల్లో ఎక్కువ భాగం మార్కుల వల్ల కాదు, కాగితాల వల్లే. పదో తరగతి మెమోలో ఒక స్పెల్లింగ్, ఆధార్‌లో ఇంకోటి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక. పదో మెమోలో ఉన్నట్టే ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ సరిచేయించుకోవాలి. బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానం అయిందో లేదో బ్రాంచిలో అడగాలి. లేకపోతే మంజూరైన డబ్బు కూడా పడదు.

ఆదాయ ధ్రువీకరణ పత్రం పాతదైతే చెల్లదు. ఏటా జూన్‌లోనే మీసేవలో కొత్తది తీసుకోవాలి. కుల ధ్రువీకరణ విషయంలో ఇంకో మార్పు వచ్చింది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో ఎస్సీ వర్గీకరణ చట్టం అమల్లో ఉంది. 59 కులాలను మూడు గ్రూపులు చేసి 1, 9, 5 శాతాలుగా విభజించారు. రాష్ట్ర ప్రవేశాలు, ఉద్యోగాలకు గ్రూపు రాసిన పత్రం కావాలి. కేంద్ర పథకాల్లో గ్రూపు ప్రస్తావన లేదు, ఎస్సీ అయితే చాలు. మాలైనా, మాదిగైనా, బైండ్లైనా, డక్కలైనా పత్రం లేకపోతే కౌంటర్ దగ్గర అందరిదీ ఒకే గతి.

కాలేజీ బకాయిల పేరుతో ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపడం మనకు కొత్త కాదు. ప్రభుత్వం రీయింబర్స్‌మెంట్ ఇవ్వలేదని 2025 నవంబర్‌లో ప్రైవేటు కాలేజీలు బంద్ పాటించాయి. ప్రభుత్వానికీ కాలేజీకీ మధ్య ఉన్న బాకీకి విద్యార్థి మెమో తాకట్టు కాకూడదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే ప్రకటించింది. మాలో ఒకరం ఆ సంగతి తెలియక ఒక కాలేజీలో నాలుగు నెలలు తిరిగాం. చివరకు దరఖాస్తు రాసి, నకలుపై ముద్ర వేయించుకున్నాక వారంలో చేతికొచ్చింది. నోటి మాటకు జవాబుండదు. ముద్ర పడ్డ కాగితానికి ఉంటుంది.

ఆగిపోయిన స్కాలర్‌షిప్ కోసం దుద్దెడలోని సమీకృత కలెక్టరేట్‌కు వెళ్లి జిల్లా షెడ్యూల్డ్ కులాల అభివృద్ధి అధికారికి రాతపూర్వకంగా ఇవ్వాలి. సోమవారం ప్రజావాణిలో ఇస్తే నమోదు సంఖ్య వస్తుంది. అయినా కదలకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల గడువు.

చివరగా ఒక పని

ఈ మొత్తాలు, వయసులు, తేదీలు ప్రభుత్వాలు మారుస్తుంటాయి. దరఖాస్తు చేసే ముందు ఆ ఏటి నోటిఫికేషన్ పూర్తిగా చదవాలి. ఇంకో పని కూడా ఉంది. దీన్ని ఒక తెల్ల కాగితం మీద రాసి మీ హాస్టల్ గోడకో, అంబేడ్కర్ సంఘం గదికో అంటించండి: జూన్‌లో ఆదాయ పత్రం, ఈపాస్ తెరవగానే దరఖాస్తు, చలికాలానికి ముందే వేసవి ఫెలోషిప్, ఫిబ్రవరి మార్చిలో విదేశీ స్కాలర్‌షిప్, ఏటా రెండుసార్లు నెట్. మీకంటే ఒక ఏడాది వెనక ఉన్నవారికి మీరే ఆ సీనియర్. ‘ఇంకా టైముందా’ అని అడిగే తమ్ముడికి, చెల్లెకు ఈసారైనా ‘ఉంది, రా కూర్చో, నింపుదాం’ అని చెప్పగలగాలి.

జై భీమ్.