కిడ్నీకి ఆఖరి కాపలా

మాది చోడవరం. విశాఖపట్నంలో ఐసీయూ నర్సుగా చేసి రిటైరయ్యాను. బ్రెయిన్ డెడ్ అని చెప్పాక బంధువులు అడిగే మాట ఒకటుంది: "సిస్టరమ్మా, మనిషి పోయాడంటున్నారు, మరి ఈ మందులెందుకు? బిల్లు కోసమా?" న్యాయమైన ప్రశ్న. జవాబు చెప్పాలంటే కొంత చరిత్ర చెప్పాలి.

మన దేశంలో మెదడు మరణాన్ని చట్టం గుర్తించింది 1994లో. వైద్యుల బోర్డు కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించాలి. ఉమ్మడి రాష్ట్రంలో అవయవదాన పథకం జీవన్‌దాన్ 2013లో మొదలైంది. దాంతో ఆ మంచం పక్కన మా పనికి కొత్త అర్థం వచ్చింది.

మెదడు పోయాక ఒంట్లో నీటిని పట్టి ఉంచే హార్మోను ఆగిపోతుంది. నీళ్లలాంటి మూత్రంతో బ్యాగు చూస్తుండగానే నిండిపోతుంది. సోడియం పెరుగుతుంది, బీపీ పడిపోతుంది, ఒళ్లు చల్లబడుతుంది. గంటగంటకీ మూత్రం కొలవాలి, పోయినంత సెలైన్ ఎక్కించాలి, వాసోప్రెసిన్ డ్రిప్పు సరిచూడాలి. బీపీ పడితే కిడ్నీకి రక్తం అందదు. అలాంటి కిడ్నీ అమర్చినా వెంటనే పనిచేయకపోవచ్చు. రోగి మళ్లీ డయాలసిస్ మంచమెక్కాలి.

ఈ సేవకు శాస్త్రం మెల్లగా సమకూరింది. 1980లలో కేప్‌టౌన్‌లో నోవిట్‌స్కీ, కూపర్ దాతకు హార్మోన్లు ఇచ్చి చూశారు. 2009లో యూరప్‌లో 264 మంది దాతలపై అధ్యయనం వెలువడింది. దాతకు తక్కువ మోతాదులో డోపమిన్ ఇస్తే, కిడ్నీ పొందినవారిలో పదేపదే డయాలసిస్ అవసరమైనవారు 35.4 నుంచి 24.7 శాతానికి తగ్గారు. 2015లో అమెరికా వైద్యులు దాత ఒంటిని 34-35 డిగ్రీల దగ్గర ఉంచారు. కిడ్నీ ఆలస్యంగా పనిచేయడం 39 నుంచి 28 శాతానికి దిగింది. తీసిన కిడ్నీని యంత్రంపై ఉంచి ద్రావణం ప్రవహింపజేస్తే అంతకన్నా మేలని 2023లో తేలింది.

కాబట్టి ఆ మందులు బిల్లు కోసం కాదు. కుటుంబం ఒప్పుకున్నాక దాత సంరక్షణ ఖర్చు వాళ్లపై వేయకూడదని 2014 నిబంధనలే చెబుతున్నాయి. ఎవరైనా ఆ ఖర్చు అడిగితే ఆ నిబంధన చూపించండి.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతంలో ఎంతమంది డయాలసిస్ మీద బతుకుతున్నారో మనకు తెలుసు. దానానికి సరేనన్న కుటుంబాలకు నా విన్నపం ఒక్కటే: అవయవాలు తీసేదాకా ఐసీయూలో సేవ సాగనివ్వండి. ఆస్పత్రుల పెద్దలకూ ఒక మాట: ఆ మంచం దగ్గర రాత్రి డ్యూటీకి అనుభవమున్న నర్సునే వేయండి.