ఎక్లిప్స్ కథ: సంత సరే, స్థలం ఎవరిది?

ఎక్లిప్స్ పేరెత్తితే చాలు, ఈమధ్య మా టీములో కొత్తగా చేరిన కుర్రాళ్ళు నవ్వుతున్నారు. "అదింకా ఉందా?" అని ఒకడు, "బిల్డ్ మొదలెట్టి టీ తాగి రావచ్చు" అని ఇంకొకడు. అందులో అబద్ధమేం లేదు లెండి. కానీ వాళ్ళు రోజూ వాడే వీఎస్ కోడ్‌లో రెడ్ హ్యాట్ వాళ్ళ జావా ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే, వెనకాల కూర్చుని తప్పులు పట్టేది, పేర్లు అందించేది ఎక్లిప్స్ ముక్కే. ఈ మాట చెప్తే మాత్రం ఎవరూ ఓ పట్టాన నమ్మట్లేదు. ఆ ముక్క అక్కడిదాకా ఎలా వెళ్ళిందో చెప్పాలంటే పాతికేళ్ళు వెనక్కి వెళ్ళాలి.

1996లో ఐబీఎం, కెనడా రాజధాని అట్టావాలో ఉన్న ఓటీఐ అనే చిన్న కంపెనీని కొనేసింది. స్మాల్‌టాక్ భాషలో ఆరితేరినవాళ్ళు వీళ్ళు. జావా ప్రోగ్రామర్ల కోసం విజువల్ ఏజ్ అనే పనిముట్టు తయారుచేశారు. విచిత్రమేంటంటే జావా కోసం చేసిన ఆ పనిముట్టుని రాసింది స్మాల్‌టాక్‌లో! దాంతో జావా వచ్చినవాడెవడైనా దానికి ఓ చిన్న సదుపాయం జోడిద్దామనుకుంటే కుదిరేది కాదు. పైగా ఐబీఎం దగ్గర ఇలాంటి పనిముట్లు చాలా ఉండేవి, దేని దారి దానిదే. అన్నిటికీ కలిపి ఒకే పునాది వేద్దామని 1998లో మొదలుపెట్టిన పనే తర్వాత ఎక్లిప్స్ అయింది.

ఆ పునాదిలో ఉన్న కిటుకు ఏంటంటే, ఎక్లిప్స్‌లో ప్లగిన్లని నడిపే చిన్న ఇంజను తప్ప మిగతాదంతా ప్లగిన్లే. మనం గొప్పగా చెప్పుకునే జావా ఎడిటరు, డీబగ్గరు కూడా ప్లగిన్లే. ప్రతి ప్లగిన్ "నా దగ్గర ఫలానా చోట మీరు ఏదైనా తగిలించుకోవచ్చు" అని ఓ ఎక్స్‌టెన్షన్ పాయింట్ ప్రకటిస్తుంది. ఇంట్లో గోడకి ప్లగ్ పాయింట్ ఉన్నట్టనమాట. మిక్సీ పెట్టుకుంటారో ఇస్త్రీపెట్టె పెట్టుకుంటారో మీ ఇష్టం. ఎవరు ఎక్కడ తగులుకుంటున్నారో ప్లగిన్.ఎక్స్ఎంఎల్ అనే ఫైలులో రాసుంటుంది. ఎక్లిప్స్ మొదలయ్యేటప్పుడు ఆ ఫైలు మాత్రం చదువుకుని మెనూలు, బటన్లు చూపించేస్తుంది, అసలు కోడుని మీరు బటన్ నొక్కేదాకా లోడ్ చెయ్యదు. వందల ప్లగిన్లున్నా నెట్టుకురాగలిగిందంటే ఇదే కారణం. అన్నిటికంటే ముఖ్యం, కట్టినవాళ్ళకి దొడ్డిదారి లేకపోవటం. ఐబీఎం వాళ్ళ ప్లగిన్ అయినా మీరూ నేనూ రాసిన ప్లగిన్ అయినా అదే గుమ్మంలోంచి లోపలికి రావాలి.

ఇక 2001 నవంబరులో ఐబీఎం ఈ కోడు మొత్తాన్ని ఓపెన్ సోర్స్ చేసేసింది. దాని విలువ 4 కోట్ల డాలర్లని అప్పట్లో ప్రకటించింది. బోర్లాండ్, రేషనల్, రెడ్ హ్యాట్, సూసే లాంటివాళ్ళతో కలిపి ఓ కూటమి కూడా పెట్టింది. 2003 ఆఖరుకల్లా అందులో 80 మందికి పైగా సభ్యులయ్యారు. సంఖ్య బాగానే ఉంది గానీ బయటవాళ్ళకి అనుమానం తీరలేదు. ఐబీఎం స్థలంలో ఐబీఎం పెట్టిన సంత అది. మనం దుకాణం పెట్టి, నాలుగు బేరాలు పెంచుకున్నాక "ఖాళీ చెయ్యండి" అంటే? ఆశీలు రేటు పెంచేస్తే?

అందరికంటే ఎక్కువ గుర్రుగా ఉన్నది సన్ మైక్రోసిస్టమ్స్. జావాని పుట్టించింది వాళ్ళు. జావా పనిముట్టుకి ఎక్లిప్స్ అని, అంటే గ్రహణం అని, పేరు పెడితే సూర్యుణ్ణి పేరులోనే పెట్టుకున్నవాళ్ళకి ఒళ్ళు మండదా మరి! మా గురి మైక్రోసాఫ్ట్ మీద అని ఐబీఎం వాళ్ళన్నారు గానీ వినేవాళ్ళెవరు? సన్‌కి అప్పటికే నెట్‌బీన్స్ ఉంది. ప్రాగ్‌లో విద్యార్థులు 1996లో మొదలుపెట్టిన ప్రాజెక్టు అది. 1999లో సన్ కొనేసి, 2000లో ఓపెన్ సోర్స్ చేసింది. అంటే ఎక్లిప్స్ కంటే ముందే! అయినా దాని పగ్గాలు సన్ చేతిలోనే ఉండిపోయాయి. ఎక్లిప్స్‌లో చేరమని మాటలు నడిచాయి గానీ 2003 చివర్లో సన్ వద్దనుకుంది.

నా లెక్కలో ఈ కథ మలుపు తిరిగింది 2004లో. కోడు 2001లోనే అందరిదీ అయింది, స్థలం అందరిదీ అయింది మాత్రం అప్పుడే. ఆ ఏడాది మొదట్లో ఎక్లిప్స్ ఫౌండేషన్ అనే విడి సంస్థ పెట్టి, ఐబీఎం పెత్తనం వదులుకుంది. జూన్‌లో వచ్చిన 3.0 వెర్షన్‌లో లోపలి ఇంజనుని ఓఎస్‌జీఐ అనే ప్రమాణం మీదికి మార్చారు. ఇందులో ఒక్కో ప్లగిన్‌కి సొంత క్లాస్‌లోడర్ ఉంటుంది, ఒకే లైబ్రరీ రెండు వెర్షన్లు పక్కపక్కనే బతకగలవు. జార్ ఫైళ్ళ గొడవలు పడ్డవాళ్ళకి ఆ విలువ తెలుస్తుంది :-)

ఆ తర్వాత జోరే వేరు. 2006లో కాలిస్టో పేరుతో 10 ప్రాజెక్టులు ఒకే రోజు విడుదలయ్యాయి, మరుసటేడు యూరోపాతో 21 అయ్యాయి. మన అమీర్‌పేటలో జావా నేర్చుకున్న ఓ తరానికి ఎక్లిప్స్, దాని మీద కట్టి అమ్మిన మైఎక్లిప్స్ తెలియకుండా ఉండవు. ఆండ్రాయిడ్ వచ్చిన కొత్తల్లో గూగుల్ కూడా ఎక్లిప్స్ ప్లగిన్నే ఇచ్చింది.

మరి ఎందుకు వెనకబడింది? సంతలో దుకాణాలు పెరిగినంతగా స్థలాన్ని ఊడ్చేవాళ్ళు పెరగలేదు. ప్లగిన్లు అమ్ముకున్న కంపెనీలన్నీ పునాది బాగుచెయ్యటానికి మనుషుల్ని ఇవ్వలేదు. 2012లో జూనో విడుదలయ్యాక నత్తనడక అని అందరూ తిట్టుకున్నారు. 2013లో గూగుల్ ఆండ్రాయిడ్ స్టూడియోని ఇంటెల్లిజే మీద కడుతున్నట్టు ప్రకటించింది, 2015 చివరికల్లా ఎక్లిప్స్ ప్లగిన్‌కి చెల్లుచీటీ ఇచ్చేసింది. ఉమ్మడి ఆస్తికి ఈ జబ్బు ఎప్పుడూ ఉండేదే, దీన్ని దాచిపెట్టి ఎక్లిప్స్‌ని పొగడటం న్యాయం కాదు.

అదే 2015లో మైక్రోసాఫ్ట్ వీఎస్ కోడ్ తెచ్చింది. దాన్ని నడిపించింది ఎవరనుకున్నారు? ఎరిక్ గామా! డిజైన్ పాటర్న్స్ పుస్తకం రాసిన నలుగుర్లో ఒకాయన, ఎక్లిప్స్ జావా ఎడిటరు టీముకి పెద్ద. 2011లో మైక్రోసాఫ్ట్‌లో చేరారు. 2016లో మైక్రోసాఫ్ట్, రెడ్ హ్యాట్, కోడెన్వీ కలిసి లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ ప్రకటించాయి. 5 ఎడిటర్లకి 8 భాషలు నేర్పాలంటే అంతకుముందు 40 ముక్కలు రాయాలి. ఈ ప్రోటోకాల్‌తో 13 చాలు. జావాకి అలాంటి సర్వర్ కావాల్సొచ్చినప్పుడు ఎవరూ కొత్తగా రాయలేదు, ఎక్లిప్స్ జావా ఇంజనునే బయటికి తీసి వాడుకున్నారు. అన్నట్టు, టామ్‌క్యాట్‌లో జేఎస్పీలని కంపైల్ చేసేది కూడా ఎక్లిప్స్ కంపైలరే. ఒళ్ళు ముసలిదైపోయినా గుండె వేరేవాళ్ళ ఒంట్లో కొట్టుకుంటోందనమాట. ఇది కుదిరింది ఆ కోడు ఏ ఒక్క కంపెనీ తాళంలోనూ లేదు కాబట్టే.

ఇప్పుడు వీఎస్ కోడ్ సంగతి చూడండి. సోర్సు ఓపెనే, ఎంఐటీ లైసెన్సు. కానీ మనం డౌన్‌లోడ్ చేసుకునే మైక్రోసాఫ్ట్ ముద్రున్న ప్రోగ్రాముకి లైసెన్సు వేరు. ఎక్స్‌టెన్షన్లు దొరికే మార్కెట్‌ప్లేస్‌ని వాళ్ళ సొంత ఉత్పత్తులతో తప్ప వాడకూడదని నిబంధన. అదే సోర్సు మీద కట్టిన కర్సర్ లాంటి ఎడిటర్లలో 2025 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్ట్ వాళ్ళ సీ ప్లస్ ప్లస్ ఎక్స్‌టెన్షన్ పనిచెయ్యటం ఆగిపోయింది. లైసెన్సులో ముందే రాసుంది, చదివినవాళ్ళు తక్కువ. ఇలాంటి ఎడిటర్లకి ఇప్పుడు దిక్కు ఓపెన్ వీఎస్ఎక్స్ అనే ఇంకో అంగడి. దాన్ని నడుపుతున్నది మళ్ళీ ఎక్లిప్స్ ఫౌండేషనే!

సన్ సంగతి కూడా చెప్పి ముగిస్తాను. 2010లో ఆ కంపెనీని ఒరాకిల్ కొనేసింది. నెట్‌బీన్స్ 2016లో అపాచీ గూటికి బయల్దేరింది. సన్ ముద్దుబిడ్డ జావా ఈఈని 2017లో ఒరాకిల్ ఎవరికిచ్చిందో తెలుసా? ఎక్లిప్స్ ఫౌండేషన్‌కే. జకార్తా ఈఈ అని మనం ఇంపోర్టులు మార్చుకుంటున్నది దాన్నే. వద్దనుకున్న ఇంటికే చివరికి పిల్ల చేరింది.

మన ఆఫీసుల్లో కొత్త పనిముట్టు ఎంచుకునేటప్పుడు ఎంత వేగం, ఎన్ని ప్లగిన్లు, ఏఐ ఉందా అని అడుగుతాం. సోర్సు గిట్‌హబ్‌లో కనిపిస్తే ఓపెన్ సోర్స్ అని టిక్కు పెట్టేస్తాం. ఇంకో రెండు ప్రశ్నలు కూడా చేర్చండి. ప్లగిన్ల అంగడి ఎవరి పేరు మీదుంది? రేపు వాళ్ళు తలుపేస్తే మన ప్లగిన్ ఇంకెక్కడైనా నడుస్తుందా? వీటికి జవాబు దొరక్కపోతే, మన కొట్టు ఇంకొకరి పెరట్లో ఉన్నట్టే.