వీసా
వీసా అనగా ఒక దేశపు పౌరుడు తమ దేశానికి ప్రయాణించి ప్రవేశం కోరుటకు మరొక దేశ ప్రభుత్వం ఇచ్చే అనుమతి. పాస్‌పోర్టును స్వదేశం ఇస్తుంది. వీసాను వెళ్ళవలసిన దేశం ఇస్తుంది. మొదటిది వ్యక్తి ఎవరో తెలుపుతుంది, రెండవది అతని రాకకు సమ్మతి తెలుపుతుంది.

పద వ్యుత్పత్తి
ఈ పదానికి మూలం లాటిన్ భాషలోని "కార్టా వీసా". కార్టా అనగా పత్రము, వీసా అనగా చూడబడినది. ప్రయాణికుని పత్రాన్ని అధికారి పరిశీలించి, "చూడబడినది" అని గుర్తు వేసే ఆచారం నుండి ఈ పేరు వచ్చింది. ఫ్రెంచి భాష ద్వారా ఇది ఆంగ్లంలోకి, అక్కడి నుండి తెలుగులోకి ప్రవేశించింది. లాటిన్‌లో చూచుట అనే అర్థం గల "విదేరే" క్రియ, సంస్కృతంలో తెలియుట అనే అర్థం గల "విద్" ధాతువు ఒకే ఇండో-యూరోపియన్ మూలానికి చెందినవి. కనుక విద్య, వేదము అనే పదాలు వీసాకు దూరపు బంధువులు. పదహారవ వంతును తెలిపే తెలుగు "వీసము"నకు దీనితో సంబంధం లేదు.

చరిత్ర
1914కు పూర్వం పశ్చిమ ఐరోపాలోని అనేక దేశాల మధ్య పాస్‌పోర్టు లేకుండానే ప్రయాణించేవారు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో గూఢచారుల భయం వలన తనిఖీలు కఠినమైనాయి; యుద్ధం ముగిసినా అవి తొలగలేదు. 1985లో లక్సెంబర్గ్‌లోని షెంగెన్ గ్రామం వద్ద కుదిరిన ఒప్పందం 1995లో ఏడు దేశాలలో అమలులోకి వచ్చింది. 2025 నాటికి ఈ ప్రాంతంలో 29 దేశాలున్నాయి. వీటన్నిటికీ ఒకే స్వల్పకాలిక వీసా చాలును.

వీసా - నివాస గడువు
వీసా ఉన్నంత మాత్రాన ప్రవేశం ఖాయం కాదు. తుది నిర్ణయం సరిహద్దు లేదా విమానాశ్రయంలోని అధికారిది. వీసా గడువు, నివాస గడువు కూడా సాధారణంగా వేరువేరు. ఉదాహరణకు అమెరికాలో పర్యాటకుడు ఎంతకాలం ఉండవచ్చునో ప్రవేశ సమయంలో నమోదయ్యే ఐ-94 తెలుపుతుంది. పాస్‌పోర్టులోని వీసాకు ఇంకా పలు సంవత్సరాల గడువు ఉన్నప్పటికీ, ఐ-94లోని తేదీ దాటి ఉండుట ఉల్లంఘన అవుతుంది. ఈ భేదం తెలియక పిల్లలను చూడబోయిన తల్లిదండ్రులు చిక్కులలో పడే ప్రమాదముంది.

తెలుగువారు - వీసాలు
అమెరికా ఉద్యోగ వీసా అయిన హెచ్-1బికి సాధారణ వార్షిక పరిమితి 65,000. అక్కడ మాస్టర్స్ లేదా అంతకన్నా పై పట్టా పొందినవారికి అదనంగా 20,000. ఆంధ్రప్రదేశ్ వారు పూర్వం అమెరికా వీసాకు చెన్నై వెళ్ళేవారు. 2008లో హైదరాబాదులో అమెరికా కాన్సులేటు ఏర్పడింది. హైదరాబాదు సమీపంలోని చిలుకూరు బాలాజీకి "వీసా బాలాజీ" అనే పేరు వాడుకలోకి వచ్చింది. భక్తులు 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకొని, కోరిక తీరిన పిమ్మట 108 ప్రదక్షిణలు చేస్తారు.