బోయిగూడకు వచ్చినవారు – వారి భాషలు

బోయీలనగా పల్లకి మోయువారు. ఆ మాట తెలుగునందే గాక మరాఠీయందును గలదు. గూడ యనుటలో మన గూడెము వినవచ్చును. సికిందరాబాదులోని బోయిగూడ పేరుననే భాషల పొత్తున్నది.

1798లో నిజాము అలీఖాను ఈస్టిండియా కంపెనీతో సంధి చేసికొనగా ఆంగ్ల సైన్యము హుస్సేను సాగరమునకు ఉత్తరమున దిగినది. 1806లో ఆ దండునకు సికందర్ జా పేరు పెట్టిరి. దండువెంట మదరాసు ప్రాంతమునుండి సిపాయిలు, గుమాస్తాలు, వర్తకులు తరలివచ్చిరి. వారిలో తమిళ మొదలియారులు ముఖ్యులు. మహబూబు కళాశాలగా పెరిగిన పాఠశాలను 1862లో నెలకొల్పినది సోమసుందరం మొదలియారు. బోయిగూడ ప్రక్కనున్న పద్మారావునగరు పద్మారావు మొదలియారు పేరిట వెలసినదే.

వీరికి ఇంట తమిళము, దొరల కచేరిలో ఇంగ్లీషు, అంగడిలో తెలుగు. తెలుగు నేర్వుడని వారినెవరును నిర్బంధింపలేదు. పొరుగింటి స్త్రీలు, బడిపిల్లలు, కూరగాయల బేరము, ఇవియే వారికి పంతుళ్లు. మనమును ఊరకుండలేదు. ఆసుపత్రిని దవాఖానా యనియు, బాటను సడకు యనియు నేర్చితిమి. దక్కనీ ఉర్దూ మరాఠీనుండి ‘నక్కో’ను తెచ్చుకొన్నది.

అయితే జనసంఖ్యవలననే భాషకు గౌరవము కలుగదు. నిజాము రాజ్యమున తెలుగువారు దాదాపు సగము. ఐనను 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధని యందు జరిగిన సంఘసంస్కార సభలో అల్లంపల్లి వెంకటరామారావుగారు తెలుగున ఉపన్యసింపబోగా సభికులు గేలిచేసిరి. ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ ఉపన్యాసములను ఓపికతో విన్న సభయే యది! ఆ రాత్రియే ఆంధ్రజనసంఘము పుట్టినది. ఊరూర గ్రంథాలయములు స్థాపించుట దాని ముఖ్యకార్యములలో నొకటి. మన గ్రంథాలయములలో కొన్నిటికి మూలము ఆ గేలియే యన్నను తప్పులేదు.

నేడు బోయిగూడకు వచ్చువారిలో బీహారు కూలీలున్నారు. మొదలియారులవలె కుటుంబములతో రాక, పనిచేయుచోటనే గుంపుగా నిదురించువారు వీరిలో కలరు. అట్టివారికి పొరుగిల్లు లేదు, బడికి పంపు బిడ్డలు దగ్గర లేరు. మరి తెలుగు వారికెవరు నేర్పవలెను? గ్రంథాలయమున నాలుగు హిందీ పత్రికలు, రాత్రివేళ ఒక గంట తెలుగు పాఠము, ఇందుకు పెద్ద వ్యయము కాదు.

2022 మార్చి 23 తెల్లవారుజామున బోయిగూడలోని తుక్కు గోదాములో నిప్పంటుకొన్నది. పైన నిదురించుచున్న బీహారు కూలీలు పదునొకండుగురు మరణించిరి. ఒక్కడు మాత్రము దూకి బ్రతికెను. చనిపోయినవారి దేహములు గాంధీ దవాఖానాకు చేరి, అటనుండి బీహారునకు తరలినవి.