రొయ్యకు చోటు లేని విందు: అండమాన్ నుంచి కొత్తరెడ్డిపాలెం దాకా కోషర్ కథ

స్వరాజ్ ద్వీప్‌లో, అంటే 2018 డిసెంబరు దాకా హేవ్‌లాక్ అని పిలిచిన దీవిలో, సముద్రానికి ఎదురుగా బల్ల వేసే ఏ ఖరీదైన హోటల్‌కు వెళ్లినా మెనూ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. లాబ్‌స్టర్, పీత, టైగర్ రొయ్య, స్క్విడ్. అండమాన్ వెళ్లొచ్చిన తెలుగువాళ్లు ఇంటికొచ్చి చెప్పుకునేది కూడా వీటి గురించే. యూదు మత ఆహార నియమాలు పాటించే అతిథికి మాత్రం ఈ జాబితా మొత్తం నిషిద్ధం. దీవిలో అన్నిటికంటే ఖరీదైన పళ్లెం అతనికి పనికిరాదు. పక్కనే మామూలు కానాగంత వేపుడు మాత్రం పనికొచ్చే అవకాశం ఉంది. అయితే అది ఏ పెనం మీద వేగిందో తెలియాలి.

కోషర్ అనే మాటకు హీబ్రూలో మూలార్థం ‘తగినది’. అది ఒక వంటల శైలి కాదు. గోవాలో, హంపీలో, కసోల్‌లో ఇజ్రాయెలీ పర్యాటకుల కోసం హమ్మస్, ఫలాఫెల్, షక్షూకా వండే కెఫేలు చాలా ఉన్నాయి. అవి దొరికినంత మాత్రాన ఆ వంటిల్లు కోషర్ అయిపోదు. ఇడ్లీ సాంబారు కోషర్ కావచ్చు, జెరూసలెం వంటకం కాకపోవచ్చు.

పొలుసు చూపించాలి

తెలుగు బైబిలు చదివినవాళ్లకు లేవీయకాండము 11వ అధ్యాయం, ద్వితీయోపదేశకాండము 14వ అధ్యాయం గుర్తుంటాయి. నియమాల మూలం అక్కడే ఉంది. నేలమీద జంతువైతే గిట్ట చీలి ఉండాలి, నెమరు వేయాలి. ఆవు, గేదె, మేక, గొర్రె, జింక వస్తాయి. పందికి గిట్ట చీలి ఉన్నా నెమరు వేయదు కాబట్టి రాదు. నికోబారీల పండుగల్లో, పెద్దల సంస్మరణ విందుల్లో పందిదే ప్రధాన స్థానం. కాబట్టి ఆ దీవుల సంప్రదాయ విందు ఈ నియమాలకు పూర్తిగా అవతలి ఒడ్డున ఉంటుంది.

నీటి జీవులకు రెక్కలు, పొలుసులు రెండూ ఉండాలి. పొలుసు కూడా చర్మం చిరగకుండా ఊడి రావాలి. తూనా, వంజరం, కానాగంత, చందువ, పండుగప్ప ఈ పరీక్ష నెగ్గుతాయి. సొర, టేకి, మలుగుపాము, జెల్ల, వాలుగ నెగ్గవు. రొయ్య, పీత, ఆల్చిప్ప సంగతి చెప్పనక్కర్లేదు. గోదావరి జిల్లాల వాళ్లకు ఒక శుభవార్త: పులసకు రెక్కలూ ఉన్నాయి, పొలుసులూ ఉన్నాయి. వండే గిన్నె సరైనదైతే పులస పులుసు నిక్షేపంగా కోషర్.

2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ జనాభాలో తెలుగు మాతృభాషగా గలవాళ్లు దాదాపు 13 శాతం. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు వీళ్లలో చాలా ఉన్నాయి. కోషర్ అతిథి కోసం చేపలు కొనే వంటమనిషి వాళ్లను అడగాల్సిన కోరిక విచిత్రంగా ఉంటుంది: చేపను శుభ్రం చేసి ఇవ్వొద్దు, చర్మం మీద కాస్త పొలుసు వదిలేయండి. తోలు తీసిన ముక్క ఏ చేపదో కంటితో తేల్చలేం. అందుకే తోలు లేని ఫిల్లెట్‌ను నమ్మకస్తుడి పర్యవేక్షణ లేకుండా కొనరు.

బిర్యానీ ఎందుకు కుదరదు

మేకపిల్లను దాని తల్లి పాలలో వండకూడదనే ఆజ్ఞ నిర్గమకాండములో రెండుసార్లు, ద్వితీయోపదేశకాండములో ఒకసారి వస్తుంది. ఆ ఒక్క ఆజ్ఞ నుంచి రబ్బీలు శతాబ్దాల పాటు ఒక పెద్ద వ్యవస్థను నిర్మించారు. మాంసం, పాలు కలిపి వండకూడదు, తినకూడదు, ఒకే గిన్నెలో పెట్టకూడదు. కోడి పాలివ్వకపోయినా దానికీ ఇదే నియమం. మాంసం తిన్నాక పాల పదార్థం ముట్టడానికి చాలా సమాజాల్లో 6 గంటలు ఆగుతారు. జర్మనీ యూదుల ఆచారం 3 గంటలు, డచ్చివాళ్లది ఒక గంట.

దీన్ని మన భోజనానికి పెట్టి చూడండి. పెరుగులో నానబెట్టిన హైదరాబాదీ బిర్యానీ మొదటి అడుగులోనే పోతుంది. పక్కన రైతా, చివర పెరుగన్నం, మధ్యలో నెయ్యి, ఏదీ నిలవదు. మాంసం వడ్డించే కోషర్ హోటల్‌లో వెన్న రాసిన నాన్ ఉండదు, కాఫీలో పాలు ఉండవు, ఐస్‌క్రీమ్ ఉండదు. ఇక్కడ దీవుల వంటవాడికి అక్కరకొచ్చేది కొబ్బరి. కొబ్బరిపాలు పాలు కావు. కూర చిక్కబడటానికీ, చివర తీపి వంటకానికీ అదే దిక్కు. అయితే చూసేవాళ్లు పొరబడకూడదని కూడా శాస్త్రం ఆలోచించింది. బాదంపాలలో మాంసం వండితే, అవి బాదంపాలేనని తెలిసేలా పక్కన కొన్ని బాదం పలుకులు పెట్టాలని 16వ శతాబ్దపు ధర్మశాస్త్ర వ్యాఖ్యానం చెబుతుంది.

బిల్లు ఎందుకు అంత

న్యూయార్క్, దుబాయ్ లాంటి చోట్ల ఖరీదైన కోషర్ హోటళ్లు ఉన్నాయి. న్యూయార్క్‌లో ‘ల మారే’ స్టేక్ హోటల్‌ను 1990లలో తెరిచారు. ఇజ్రాయెల్‌తో ఎమిరేట్స్ ఒప్పందం కుదిరిన 2020లోనే దుబాయ్ బుర్జ్ ఖలీఫాలోని అర్మానీ హోటల్‌లో ‘కాఫ్’ అనే కోషర్ రెస్టారెంట్ వచ్చింది. అలాంటి చోట బిల్లు చూసి ఉలిక్కిపడేవాళ్లు వంటగదిలోకి తొంగిచూడాలి.

జంతువును మత్తివ్వకుండా, గాటు లేని కత్తితో, శిక్షణ పొందిన మనిషి కోయాలి. తర్వాత ఊపిరితిత్తుల్లో లోపాలున్నాయా చూస్తారు. లోపముంటే ఆ జంతువు కోషర్ మార్కెట్ నుంచి బయటికి పోతుంది. మాంసాన్ని అరగంట నీళ్లలో నానబెట్టి, గంటసేపు ఉప్పులో ఉంచి, కడిగి రక్తం తీసేయాలి. వెనక భాగంలో తుంటి నరాన్ని, కొన్ని కొవ్వులను తొలగించడం శ్రమతో కూడిన పని. అందుకని ఇజ్రాయెల్ బయట ఎక్కువ చోట్ల వెనక భాగాన్ని మొత్తంగా వదిలేస్తారు. స్టేక్ ప్రియులు మెచ్చే మెత్తని టెండర్లాయిన్ అక్కడే ఉంటుంది. ముందు భాగంతోనే అంత రుచి పండించాలి.

ఇది కాక మష్గియా అనే పర్యవేక్షకుడి జీతం. ఆకుకూరల్లో పురుగు లేదని వెలుతురులో చూసేది అతనే. గోంగూర, కరివేపాకు అతని చేతికిస్తే ఎంతసేపు పడుతుందో ఊహించుకోవచ్చు. హోటళ్లకు ఎక్కువ గిరాకీ ఉండే శుక్రవారం రాత్రి, శనివారం పగలు సబ్బాతు. ఆ వేళల్లో తలుపులు మూయాలి.

గిన్నెల విషయం మన పాత ఇళ్లకు దగ్గరగా ఉంటుంది. అపవిత్రమైన మట్టికుండను పగలగొట్టాల్సిందే, లోహపు గిన్నెను మాత్రం శుద్ధి చేసుకోవచ్చు. ఒక రోజంతా వాడకుండా ఉంచి మరిగే నీళ్లలో ముంచుతారు. నిప్పు తగిలిన కడ్డీలనైతే ఎర్రగా కాలుస్తారు. మడి, ఎంగిలి తెలిసిన తెలుగు పాఠకుడికి ఇది వింతగా అనిపించదు. కానీ పోలికను మరీ సాగదీయకూడదు. మడిలో ప్రధానంగా చూసేది వండే, తాకే మనిషిని. కోషర్‌లో ప్రధానంగా చూసేది పదార్థాన్ని, పాత్రను.

ప్రధానంగా అన్నాను. ఎందుకంటే మనిషిని చూసే నియమాలూ ఉన్నాయి. యూదులు కాని వ్యక్తి తాకిన ద్రాక్షసారా తాగరు. ముందే వేడిచేసిన రకమైతే వెయిటరు ఎవరైనా పోయవచ్చు. వంటకు సంబంధించిన నియమం ఇంకా ఆసక్తికరం. పచ్చిగా తినలేని, రాజుల బల్లకు తగిన వంటకమైతే దాన్ని వండటంలో యూదు చేయి ఉండాలి. పళ్లు, సలాడ్లకు ఈ గొడవ లేదు. అంటే వంటకం ఎంత ఘనమైనదైతే నియమం అంత బిగుస్తుంది. చాలా హోటళ్లలో పొద్దున్నే మష్గియా వచ్చి పొయ్యి వెలిగించి పోతాడు. యూరప్ మూలాల అష్కెనాజీ సంప్రదాయానికి అది చాలు. సెఫార్దీ సంప్రదాయంలో గిన్నె కూడా అతనే పొయ్యి మీద పెట్టాలి.

ఈ చిక్కుల్లో సగం తప్పించుకునే దారి శాకాహారం. న్యూయార్క్ లెక్సింగ్టన్ అవెన్యూలో ‘పొంగల్’, ‘మద్రాస్ మహల్’ లాంటి దక్షిణాది శాకాహార హోటళ్లు కోషర్ ధ్రువీకరణతో దోసెలు వేసి, యూదు కుటుంబాలను కూడా రప్పించుకున్నాయి. వంటింట్లో మాంసమే లేకపోతే నెయ్యి ఎంతైనా పోసుకోవచ్చు. అండమాన్‌కు వచ్చే ఆచారపరుడైన యూదు ప్రయాణికుడు కూడా సాధారణంగా సీలు వేసిన ఆహారం, కోసుకుని తినే పళ్లు, సొంత గిన్నెతోనే గడుపుతాడు.

మన ఊళ్లో యూదులు

భారతదేశపు యూదులకు హోటళ్లు లేకపోయినా వంటకు సుదీర్ఘ చరిత్ర ఉంది. కొంకణ తీరపు బెనె ఇజ్రాయెల్ వాళ్లు నూనె గానుగలు ఆడించేవారు. శనివారం పని మానేసేవారు కాబట్టి వాళ్లకు ‘శనివార్ తేలీ’ అని పేరు. చుట్టూ ఉన్న హిందువుల మధ్య వాళ్లు గొడ్డుమాంసానికి దూరంగా ఉండేవారు. కోల్‌కతా న్యూ మార్కెట్‌లో బాగ్దాదీ యూదుల ‘నహూమ్స్’ బేకరీ 1902 నాటిది.

గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో కథ దీనికి తలకిందులుగా నడిచింది. మాదిగ కులంలో పుట్టి, క్రైస్తవం మీదుగా వచ్చిన కొన్ని పదుల కుటుంబాలు తమను బెనె ఎఫ్రాయిము అని, ఇజ్రాయెల్ తప్పిపోయిన గోత్రాల్లో ఒకటని చెప్పుకుంటున్నాయి. షమూయేలు యాకోబి, సాదోకు యాకోబి సోదరులు ఈ ఉద్యమానికి ముఖ్యులు. 1991లో ఊళ్లో సినగాగు వెలిసింది. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ ఈ సమాజం మీద చేసిన అధ్యయనం 2013లో పుస్తకంగా వచ్చింది. కులం చేత అంటరానితనం ముద్ర వేయించిన గొడ్డుమాంసాన్నే వీళ్లు తమ ప్రాచీన ఇజ్రాయెలీ వారసత్వానికి గుర్తుగా చూపించుకున్నారు. బెనె ఇజ్రాయెల్ వాళ్లు పొరుగువారి కోసం వదులుకున్నది వీళ్లకు ఆత్మగౌరవానికి ఆధారమైంది. గేదె గిట్ట చీలి ఉంటుంది, నెమరూ వేస్తుంది, కాబట్టి శాస్త్రం వైపు నుంచి అభ్యంతరం లేదు. సమాజంలో చాలామంది మాత్రం వ్యవసాయ కూలీలు. దుబాయ్ బల్ల ధర వాళ్ల లెక్కల్లోకి రాదు.

అసలు ముడి ధర దగ్గర లేదు. ఈశాన్య రాష్ట్రాల బెనె మెనాషేను 2005లో ఇజ్రాయెల్ సెఫార్దీ ప్రధాన రబ్బీ గుర్తించారు. ఆ తర్వాత మతమార్పిడి ప్రక్రియ పూర్తిచేసి వేల మంది అక్కడ స్థిరపడ్డారు. బెనె ఎఫ్రాయిముకు అలాంటి గుర్తింపు దక్కలేదు. వంటగది భాషలో దీనికి అర్థం ఒకటే. అండమాన్‌లోనో హైదరాబాద్‌లోనో రేపు ఒక కోషర్ హోటల్ తెరిచి, పొయ్యి వెలిగించే పని కొత్తరెడ్డిపాలెం యువకుడికి ఇస్తే, ధ్రువీకరణ ఇచ్చే రబ్బీ ఆ నిప్పును లెక్కలోకి తీసుకోడు. అతను శుక్రవారం సాయంత్రం ఇంట్లో దీపం పెట్టి ప్రార్థన చదివే మనిషే అయినా సరే.