పెంకు దిగి డాబా ఎక్కిన ఎండ

మా ఇంట్లో మూడు తరాలు తాపీ పట్టాం. మా తాత గానుగ సున్నంతో మిద్దెలు వేశాడు. మా నాన్న పెంకుటిళ్లు కట్టాడు, తర్వాత వాటినే విప్పాడు. నేను రాజమండ్రిలో స్లాబులు పోయించి బతికాను. అంచేత ఈ ఊరికి రాత్రిపూట ఇంత ఉక్క ఎక్కణ్ణించి వచ్చిందని ఎవరైనా అడిగితే ముందు పైకప్పు కేసి చూస్తాను.

ఎండ కొత్తది కాదండి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న మాట సిమెంటు కంటే పాతది. గోదావరి గట్టునే ఉన్నా, మే నెల మధ్యాహ్నం మా ఊరికి పడమటి గాడ్పు పొయ్యి ముందు కూర్చున్నట్టు పొడిగా కొడుతుంది. అందుకే కలిగినవాళ్లు గుమ్మాలకి వట్టివేళ్ల తడికలు కట్టించి నీళ్లు చల్లించేవారు. గాలి పొడిగా ఉంటేనే తడి ఆరుతుంది, ఆరితేనే చల్లదనం. అదే తడిక అంతర్వేదిలో కడితే వాసన తప్ప పెద్దగా ఒరిగేదేం లేదు, అక్కడ గాలిలోనే నీళ్లు. కోనసీమ వాళ్లు నీడనీ గాలినీ నమ్ముకున్నారు. చుట్టూ కొబ్బరిచెట్లు, నడుమ మండువా.

మండువా లోగిలి అంటే సినిమావాళ్లకి ముగ్గులూ ఉయ్యాల బల్లలూ. నాన్నకి అది పనిచేసే సరుకు. నాలుగు పక్కలా కప్పు లోపలికి వాలి, మధ్యలో ఆకాశం కనపడుతుంది. రాత్రి ఆ జాగాలోంచి నేల వేడి పైకి పోతుంది, చల్లబడ్డ గాలి కిందికి దిగి గదుల్లోకి పాకుతుంది. పెంకు పల్చన కాబట్టి ఎంత తొందరగా కాలుతుందో పొద్దుగూకాక అంత తొందరగా ఆరుతుంది. పెంకుల సందుల్లోంచి వేడిగాలి జారుకుంటుంది. చూరు బాగా కిందికి దించితే గోడ మీద ఎండ పడదు. దూలాలూ వాసాలూ ఎగువ అడవుల నుంచి గోదావరి మీద తెప్పలుగా తేలొచ్చిన టేకు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కాలవల కింద పండిన వరే ఈ లోగిళ్లలో చాలావాటిని కట్టించిందని నా లెక్క.

తాత వేసిన మిద్దెల సంగతి ఇంకోటి. దూలాల మీద ఇటుకలు నిలువున పేర్చి, పైన ఇటుకజల్లీ సున్నం కలిపి పరిచేవారు. కరక్కాయా బెల్లం నానేసిన నీళ్లు చల్లుతూ ఆడకూలీలు వరసగా కూర్చుని చెక్కలతో రోజుల తరబడి కొట్టేవారు. పాట లేకపోతే చెయ్యి సాగదనేవాడు తాత. ఆ కప్పుకి మందమూ ఎక్కువే, దాని కింద గది ఎత్తూ ఎక్కువే.

ఇదంతా ఉన్నవాళ్ల కథ. పేటల్లో జనం ఉన్నది తాటాకిళ్లలో. తాటాకంత చల్లటి కప్పు నేను చూళ్లేదు. కానీ ఎండాకాలంలో పొయ్యిలోంచి ఒక్క నిప్పురవ్వ లేస్తే వీధంతా బూడిద. 1986 ఆగస్టు వరదలో మట్టిగోడలు నానిపోయాయి. 1996 నవంబరు 6 తుఫానుకి కోనసీమలో పెంకులు లేచిపోయాయి, కొబ్బరితోటలు నేలకూలాయి. ఆ తర్వాత డాబా కావాలన్నవాణ్ణి తెలివితక్కువవాడంటే నేనొప్పుకోను. నిప్పుకీ నీటికీ గాలికీ తట్టుకునే ఇల్లు అడిగారు, కట్టిచ్చాం. ఫ్యానుంది కదా అని ఎండని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

స్లాబు అయిదంగుళాలు. పగలంతా తాగిన వేడిని దాచుకుని, మనం మంచం ఎక్కే వేళకి కిందికి వదులుతుంది. ఊళ్లో అన్నీ అవే కప్పులైతే తెల్లారేదాకా ఊరు చల్లారదు. లండన్ నడిబొడ్డు చుట్టుపక్కల పల్లెల కంటే రాత్రిళ్లు వెచ్చగా ఉంటుందని ల్యూక్ హోవార్డ్ అనే ఆయన 1818లోనే లెక్కలు కట్టి అచ్చువేశాడు; అప్పటికి మనకి ఆనకట్టే లేదు. ఇప్పుడు ఏసీలు గది వేడిని సందులోకి తోస్తున్నాయి, ఆ సందులోకే పక్కింటి కిటికీ. 2015 మేలో ఆంధ్రప్రదేశ్‌లో వడదెబ్బకి వెయ్యిమందికి పైగా పోయారు. మేం అప్పుడు తెల్లవారుజామున స్లాబు మొదలెట్టి, పదింటికల్లా కూలీలని నీడకి పంపేవాళ్లం.

తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చి, 2028 కల్లా 300 చదరపు కిలోమీటర్ల కప్పుని చల్లబరుస్తామంది. తెల్లపూత మంచిదే, స్లాబు వేడి తగ్గుతుంది. దుమ్ము పట్టాక మళ్లీ పూయాలి, అంతే. ఇంటికీ ఇంటికీ మధ్య గాలి ఆడే జాగాని మాత్రం ఏ పూతా తేలేదు.

మొన్న దానవాయిపేటలో ఒకాయన పాత లోగిలి పడగొట్టి అపార్ట్‌మెంటుకి ఇస్తూ, దూలాలు ఎంతకి పోతాయో చెప్పమని పిలిచారు. టేకుకి మంచి ధరే చెప్పాను. మండువా ఉన్నచోట లిఫ్టు వస్తుందట. దాని పక్కన నాలుగడుగులు కిందనుంచి పైదాకా ఆకాశానికి వదిలెయ్యండి బాబూ అన్నాను. అంతస్తుకి ఎన్ని అడుగులు పోతాయో బిల్డరు లెక్క వేస్తున్నాడు.